తేడా మొక్కల సార్

సార్ పోయాడన్న మాట నాకు ఆళ్లగడ్డ బస్టాండు పక్కన టీ అంగడిలో తెలిసింది. పొద్దున ట్రాక్టరుకు డీజిల్ పట్టించుకొని వచ్చి గ్లాసు చేతికి తీసుకున్నాను. అంగడాయన పాలు పొంగకుండా గరిటె తిప్పుతూనే అన్నాడు: "అప్పా, మీ సార్ పోయినాడంట కదా. నంద్యాల ఆసుపత్రిలోనే, తెల్లారుతా ఉన్నెప్పుడు." నేను టీ తాగలేదు. గ్లాసు అట్లాగే బల్ల మీద పెట్టేశాను.

"మీ సార్" అన్నాడు చూడండి. ఆయన నాకు ఒక్క అక్షరం పాఠం చెప్పలేదు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసి ట్రాక్టరు ఎక్కినవాణ్ణి. నీళ్ల ట్యాంకరు కట్టుకొని తోటలకూ, పెళ్లిళ్లకూ, కట్టడాలకూ నీళ్లు తోలడం నా బతుకు. ఆయన పాఠం చెప్పింది నా కూతురికి, నంద్యాల కాలేజీలో, చెట్ల పాఠం. అయినా ఊరంతా ఆయన్ని నాకు "మీ సార్" అనే చెబుతారు. నేను కాదనలేదు ఎప్పుడూ.

ఇంకొక మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే నా గుండె పగిలిపోతుంది. అదే వారంలో నా కూతురు డాక్టరయింది! సూదులేసే డాక్టరు కాదు, చదువుల డాక్టరు. నిమ్మజాతి చెట్లలో జన్యువులనేవి ఉంటాయట, వాటి రాత చదివి, చెట్టు దాహాన్ని ఎట్లా ఓర్చుకుంటుందో కనిపెట్టింది. నా బిడ్డ! ట్యాంకరు తోలేవాడి బిడ్డ! ఒక కంట్లో సంతోషం, ఒక కంట్లో దుఃఖం అని రాస్తే నాటకం మాటలా ఉంటుంది. నిజానికి రెండు కళ్లలోనూ రెండూ ఉన్నాయి. ఈ సంతోషాన్ని ఎవరితో కూర్చొని పంచుకోవాలో ఆ మనిషే లేడు. అందుకని మీకు చెప్పుకుంటున్నాను.

ఆయన్ని నేను మొదట చూసింది తొంభైల్లో, ఒక నర్సరీలో. అంట్లు కట్టడానికి ఆ నర్సరీవాళ్లు జంబేరి నిమ్మ గింజలు పోసి నారు పెంచేవాళ్లు. జంబేరి వేరు మీద చీనీ కొమ్మ, అదే బత్తాయి కొమ్మ, కడతారు, వేరు దానిది, కాయ దీనిది. నేను తొట్టికి నీళ్లు వదులుతున్నాను. తెల్ల చొక్కా వేసుకున్న ఒక మనిషి పెంటకుప్ప పక్కన గొంతుక్కూర్చుని పీకి పారేసిన మొక్కల్ని ఏరుతున్నాడు. నర్సరీ ఆయన నాతో కన్ను గీటి, గట్టిగా అరిచాడు: "సార్, అవి మేకలు గూడా మూతి పెట్టవు. ఏం చేసుకుంటావు వాటిని?"

"మేకలకున్నంత నోటి సోకు నాకు లేదులే అప్పా," అన్నాడు ఆయన తల ఎత్తకుండానే. "కానియ్, నీ పని నువ్వు చూసుకో."

నన్ను పిలిచి ఒక మొలక చూపించాడు. ఒక్క గింజలోంచి మూడు మొలకలు వచ్చాయి. "చూడన్నా, నిమ్మజాతిలో ఇదొక చిత్రం. ఒక గింజలో ముగ్గురు, నలుగురు బిడ్డలుంటారు. ఎక్కువమంది అచ్చం అమ్మే, తండ్రి పోలిక అణువంత గూడా ఉండదు. ఒక్కడు మాత్రం తల్లికీ తండ్రికీ పుట్టినోడు. వాడు తేడాగా ఉంటాడు. ఆకు తేడా, ముల్లు తేడా. వాణ్ణి ఈళ్లు పీకి పారేస్తాండారు."

"పారేయక ఏం చేస్తారు సార్? వేరు ఒకే మాదిరి లేకపోతే తోట ఎగుడుదిగుడు అయితాది కదా," అన్నాను.

"నిజమే. వాళ్ల లెక్క వాళ్లకు సరి. ఈ తేడా మొక్కలు నూటికి తొంభై తొమ్మిది పనికిరావు. ఆ ఒక్కటేదో నాకు తెలీదు. అందుకే అన్నీ తీసుకపోతాండా."

అట్లా ఆయన తేడా మొక్కల సార్ అయ్యాడు. అహోబిలం దోవలో ఆయనకు కొంత మెట్ట చేను ఉంది. పెళ్లి చేసుకోలేదు. ముసలి తల్లితో చేను పక్కనే చిన్న ఇంట్లో ఉండేవాడు. రోజూ బస్సులో నంద్యాల పోయి పాఠం చెప్పి వచ్చేవాడు. చేనులో పారేసిన మొక్కలన్నీ నాటి, ఒక్కోదాని చుట్టూ బేతంచెర్ల నుంచి తెచ్చిన పగుళ్ల నాపరాళ్లు నిలబెట్టాడు. దోవన పోయేవాళ్లు నవ్వేవాళ్లు. "సార్ చేనులో సమాధులు కట్టినాడప్పా" అని.

ఆయన జేబులో ఎప్పుడూ ఏదో ఒక నిమ్మాకు ఉండేది. బస్సులో పక్కన కూర్చున్నవాడు ఎవరైనా సరే, ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టేవాడు. "చూడు, ఈయన పుల్లగా మాట్లాడతాడు. ఇప్పుడీయన్ని చూడు, చేదు మనిషి." చెట్లను ఈయన, ఆయన అనేవాడు. మనుషుల్లో ఒకరిద్దరిని మాత్రం అది, ఇది అనేవాడు.

నా కూతురు ఇంటర్మీడియట్‌లో ఆయన క్లాసులో పడింది. నా బిడ్డ పడింది అంటున్నాను కానీ, నిజానికి లేచింది. ఆయన ఏ పిల్లకూ "కరెక్టు" అని చెప్పేవాడు కాదట. జవాబు ఎంత బాగా చెప్పినా, "ఊ, ఇంకా?" అనేవాడట. ఇంటికొచ్చి ఏడ్చింది ఒకసారి. "నాయనా, అంతా చెప్పినా. ఇంకా అంటాడు. ఇంకేం చెప్పల్ల?" నాకేం తెలుసు? నేను పోయి ఆయన్ని అడిగాను. "పిల్ల ఏడుస్తాంది సార్, ఒక్కసారి బాగుంది అనరాదా?"

ఆయన జేబులోని ఆకు తీసి నలిపాడు. "అంటే ఆగిపోతాది అన్నా," అన్నాడు.

ఆగలేదు. డిగ్రీ చదివింది, పైచదువుకు పోయింది, పరిశోధన అని యూనివర్సిటీలో చేరింది. సెలవులకు వచ్చినప్పుడల్లా ఇద్దరూ నంద్యాలలో ఒక ఇంటర్నెట్ సెంటర్‌కు పోయేవాళ్లు. అప్పుడప్పుడే వచ్చాయి అవి. ఒకసారి నేనూ పోయి వెనక నిలబడ్డాను. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు, చీమల బారులాగా, ఎంతకీ అయిపోవు. నేను మంత్రమేమో అనుకున్నాను.

"ఏందీ సార్ ఇది?"

"నిమ్మచెట్టు రాతలో ఒక ముక్క అన్నా. ఏదో దేశంలో ఎవరో చదివి, అందరూ చూసుకోనీ అని ఈడ పెట్టినారు. జాగ్రత్తగా చూడు, నాలుగే అక్షరాలు. మనకు యాభై ఆరుండి గూడా సరిగ్గా ఒక అర్జీ రాయలేము. నాలుగిటితో ఇంత పుల్లటి కాయ రాసినాడు!"

నా కూతురు నవ్వింది. తర్వాత నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. చెట్టులో ఈ రాత ఎప్పుడూ అంతా ఉంటుంది. కానీ చెట్టు అన్నీ ఒకేసారి చదవదు. దాహమేసినప్పుడు కొన్ని వరసలు తీసి చదువుకుంటుంది. ఏ వరస, ఎప్పుడు చదివిందన్నది ఆ సమయంలో కోసిన ఆకులో తెలుస్తుంది. అది పట్టుకొని, బయటి దేశాలవాళ్లు పెట్టిన రాతతో పోల్చి చూస్తే, ఒక చెట్టు ఎందుకు చస్తుందో, ఇంకొకటి ఎందుకు బతుకుతుందో పట్టుకోవచ్చు. ఎంత బాగా చెప్పిందో! ఇంటికి పోయి నా భార్యకు అదంతా మళ్లీ చెప్పాను. సగం తప్పు చెప్పి ఉంటాను.

తర్వాత కరువు వచ్చింది. రెండు వేల సంవత్సరం దాటాక మా పక్క వరసగా వానలు ఎగ్గొట్టిన కాలం మీకు గుర్తుండే ఉంటుంది. చాగలమర్రి దాకా బోర్లు ఎండిపోయాయి. చీనీ తోటలు నరికి కట్టెలకు అమ్ముకున్నారు. నా ట్యాంకరుకు అప్పుడున్న గిరాకీ ఎప్పుడూ లేదు. అట్లాంటి గిరాకీ పగవాడికి కూడా వద్దు. సార్ చేనులో తేడా మొక్కలు ఒక్కొక్కటే పోయాయి. చివరికి ఒక్క చెట్టు మిగిలింది. నీళ్లు దాదాపు లేకుండానే పచ్చగా నిలబడింది. ఎన్నేళ్లయినా ఒక్క పువ్వు కూడా పూయని చెట్టు అది, ఒళ్లంతా ముళ్లు.

నా కూతురు పోయి దాని ఆకులు పట్టి చూసింది. "ఇదే సార్. నా చదువంతా దీని మీదే చేస్తా."

దానికి ఒక పద్ధతి ఉంది. మా దిక్కు చీనీ తోటలకు పూతకు ముందర బెట్ట పెడతారు. అంటే కావాలనే నీళ్లు ఆపేస్తారు. ఆకు ముడుచుకొని, చెట్టు ఇక ఓర్చుకోలేదు అనిపించే దాకా ఆగి, అప్పుడు నీళ్లు వదులుతారు. చెట్టు ఒళ్లంతా పూస్తుంది. ఒక్క రోజు ముందు తడిపితే పూత రాదు, ఒక్క రోజు ఆలస్యమైతే చెట్టే ఉండదు. ఆ చెట్టుకు సార్ అప్పుడప్పుడు చెంబుతో పోసే నీళ్లు కూడా ఆపి బెట్ట పెట్టాలి, ముడుచుకుంటున్న దశలో ఆకులు కోయాలి, అప్పుడు నీళ్లు పోయాలి. అదీ లెక్క. నాకు సార్ ఒకటే మాట చెప్పాడు: "అన్నా, నీ బిడ్డ చెప్పేదాకా ఈ పక్కకు ట్యాంకరు తేవద్దు. నేను అడిగినా తేవద్దు."

కోసిన ఆకును ఆ క్షణమే గడ్డకట్టించాలట, లేకపోతే అందులోని రాత చెరిగిపోతుందట. దానికి పొగలు కక్కే చల్లటి నీరు ఒకటి కావాలి. అది పశువుల ఆసుపత్రిలో ఉంటుంది, ఆవులకు చూలు కట్టించే సూదిమందు అందులోనే దాస్తారు. ఎవరినో బతిమాలి ఒక క్యాను తెచ్చింది నా కూతురు. ట్రాక్టరు మీద పోతుంటే ఊరంతా చూశారు. "ఏందప్పా, చెట్టుకు గూడా సూది ఏస్తాండారా? ఎన్ని దూడలు పెడతాదంట?" అని ఒకాయన. "నీ మాదిరి దున్నపోతు పుట్టకుంటే చాల్లే," అన్నాను నేను.

చేనుకు పోయి చూస్తే చెట్టు ఆకులు నిక్కబొడుచుకొని ఉన్నాయి. ముడత లేదు. ముందురోజు వాడి వేలాడిన చెట్టు! నా కూతురు క్యాను కింద పెట్టేసింది. సార్ వంగి మొదట్లో చూశాడు. మన్ను తడిగా ఉంది. ఆ తడిలో రెండు మూడు బియ్యపు గింజలు అంటుకొని ఉన్నాయి.

ఇంటి గడపలో సార్ వాళ్లమ్మ కూర్చొని ఉంది, తొంభైకి దగ్గరబడిన మనిషి. బియ్యం కడిగిన నీళ్లు, తాను స్నానం మానుకొని మిగిల్చిన నీళ్లు, అన్నీ ఒక బిందెలో కూడబెట్టి తెచ్చి పోసింది. "వాన్ని నమ్ముకొని ఉండాది కదా ఆ చెట్టు. ఎండగడతాండారు పాపాత్ములు," అని గొణిగింది మాకు వినపడేటట్టే. దాహంతో ఉన్నదాని ముందర నీళ్లుండి పోయకపోవడం ఆమెకు ఏ శాస్త్రంలోనూ లేదు.

సార్ ఏం చేశాడో తెలుసా? కాలితో మన్ను అటూ ఇటూ అని, ఆ బియ్యపు గింజల్ని కప్పేశాడు. నా కూతురి వైపు తిరిగి చాలా చిన్న గొంతుతో అన్నాడు: "ఆమెకు చెప్పొద్దు పాపా."

కొన్నాళ్లకు చెట్టు పూసింది. మొదటిసారి! సగం బెట్ట, ఆపైన బిందెడు నీళ్లు, అదే పనిచేసింది. ముళ్ల మధ్య తెల్లగా, దోవ దాకా వాసన. ముసలామె చేతికర్రతో చెట్టు చుట్టూ తిరిగింది. "చూడరా, నా నీళ్లకే పూసినాది! నీ చదువుకు పూసినాదా?"

"ల్యా అమ్మా. నీ చేతి నీళ్లకే," అన్నాడు కొడుకు.

అప్పుడు వచ్చింది అసలు కష్టం. పూత నిలిచి కాయైతే గింజలు దొరుకుతాయి, గింజల్లో అచ్చం ఆ చెట్టు లాంటివే మొలుస్తాయి, ఒక్కటి పది అవుతుంది. కొమ్మలకు మన్ను కట్టి వేరు తెప్పిద్దామని, జంబేరి వేరు మీద అంటు కడదామని అంతకుముందే చూశారు. ఆ ఎండకు కట్టిన కట్టు కట్టినట్టే ఎండిపోయింది. కాబట్టి కాయే దిక్కు. కానీ కాయ పండాలంటే నెలలు పడుతుంది. ఆకులు కోసుకోవడానికి యూనివర్సిటీవాళ్లు నా బిడ్డకు ఇచ్చిన గడువు ఆ ఎండాకాలంతో సరి. ఆకులు ఇప్పుడు కోయకపోతే చదువు ఆగిపోతుంది. కోయాలంటే మళ్లీ మొదటి నుంచీ బెట్ట పెట్టాలి, పూతతో ఉన్న చెట్టుకు, అంత ఎండలో.

చెట్టు కిందే నిలబడి మాట్లాడుకున్నారు. నేను ట్రాక్టరు దిగకుండా విన్నాను.

"వద్దు సార్. కాయ కానీ. నేను ఇంకొక అంశం తీసుకుంటా. లేదంటే మానుకుంటా."

"మానుకొని ఏం చేస్తావు? మీ నాయన ట్యాంకరు తోలుతావా?"

"తోలుతా."

"తోలుదువులే. మొదటిసారి పూసింది కాయ నిలుస్తాదని ఎవరన్నా రాసిచ్చినారా? విను పాపా. చెట్టుకు కాలం ఉండాది. నీకు ల్యా."

ఇంక ఆమెను మాట్లాడనివ్వలేదు. మరుసటి రోజు నుంచి చెట్టు పక్కనే మంచం వేసుకున్నాడు, తల్లి బిందెతో రాకుండా. "మందు పెట్టినామమ్మా, నీళ్లు తగిలితే విరుగుతాది," అని చెప్పాడు. పూత రాలింది. ఆ తెల్లటి రెక్కల్ని ముసలామె కొంగులో ఏరుకొని, "గాలి ఎక్కువైనాది ఈ యేడు" అని తనకు తానే సర్దిచెప్పుకుంది. సార్ మంచం మీద నుంచి అటు చూడలేదు.

ఆకులు కోశారు, పొగల క్యానులో వేశారు. "ఇప్పుడు తే అన్నా నీళ్లు!" అని సార్ చెయ్యెత్తి అరిచిన అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అట్లా తోలాను, గేర్లు విరిగేటట్టు. ట్యాంకరంతా వదిలాను. మళ్లీ పోయి తెచ్చాను. మన్ను తాగింది. చెట్టు తాగలేదు. ఆకులు రాలను కూడా రాలలేదు, కొమ్మకు పట్టుకొని ఉండగానే గలగలమన్నాయి. ఎండి చచ్చిన చెట్టు ఆకు రాల్చదు, మీరు గమనించారో లేదో.

"వేరుకు పురుగు పట్టినాదమ్మా. దానికే పోయినాది," అని తల్లికి చెప్పాడు. మరుసటి సంవత్సరం ఆమె పోయింది, తన నీళ్లకు పూసిన చెట్టును అందరికీ చెప్పుకుంటూ పోయింది. అసలు సంగతి తెలిసింది మా ముగ్గురికే. తల్లీ లేదు, కొడుకూ లేడు, ఇంక నొచ్చుకునేవాళ్లు లేరని ఈ రోజు రాస్తున్నాను.

నా కూతురికి ఆ ఆకుల్లో దొరికింది. ఆ రాత చదవడానికి, పోల్చడానికి, మళ్లీ మళ్లీ సరిచూడడానికి చాలా ఏళ్లు పట్టింది. మిగతా చెట్లు నీళ్లు పూర్తిగా అయిపోయాక దాహం అని అరుస్తాయట. ఇది ముందుగానే పసిగట్టి ఆకుల్లోని సన్నటి రంధ్రాలు మూసుకుంటుందట. ఏ వరసలు చదివి అట్లా చేసిందో ఆమె పట్టుకుంది. చెట్టు లేదు. రాత ఉంది. ఎవరైనా, ఏ దేశంలోనైనా చూసుకోవచ్చని ఆమె కూడా అందరి మధ్యలో పెట్టింది.

చివరి రోజుల్లో సార్‌కు మూత్రపిండాలు చెడిపోయాయి. నంద్యాల ఆసుపత్రిలో పెట్టారు. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలి అని కట్టడి. నాలుక పిడచగట్టుకుపోయి ఉండేది. నేను పోతే నవ్వాడు. "నన్ను బెట్ట పెట్టినారు అన్నా. పూస్తానేమో చూద్దాం."

నవ్వలేకపోయాను. దూది తడిపి పెదాలకు అద్దాను.

డాక్టరయిన మరుసటి రోజే నా కూతురు నేరుగా ఆసుపత్రికి వచ్చింది. ఇంటికి కూడా రాలేదు. చెప్పింది. ఆయన కళ్లు మూసుకొనే విన్నాడు. "ఊ, ఇంకా?" అన్నాడు.

"చెట్టు ఏ ఊరిదని రాయాల్సిన చోట ఆళ్లగడ్డ అని రాసినా సార్."

ఆయన కళ్లు తెరిచాడు. ఈసారి "ఇంకా?" అనలేదు. "బాగుంది," అన్నాడు. నా బిడ్డ బయటికొచ్చి గోడకు ఆనుకొని ఏడ్చింది. ఎన్నేళ్లుగానో ఆశపడిన మాట అది. ఆయన నోట రావడమే ఆమెకు భయమేసింది. భయపడినట్టే అయింది, రెండో రోజు తెల్లవారుజామున పోయాడు.

ఆయన చేనులోనే దహనం చేశాం. ఆయన తమ్ముడి కొడుకు నిప్పు పెట్టాడు. పాత విద్యార్థులు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు, ప్యాపిలి నుంచి కూడా ఒకాయన బస్సులు మారి వచ్చాడు. స్నానాలకు బోరులో నీళ్లు లేవు. నేనే ట్యాంకరు తెచ్చి నిలబెట్టాను. మగవాళ్లందరూ వరసగా తల మీద నీళ్లు పోసుకొని, తడి కండువాలు ఆరేయడానికి చోటు కోసం చూశారు. చేనంతా బోడి. ఆ ఎండిన చెట్టు ఒక్కటే ఉంది, ఆయన కొట్టనివ్వలేదు దాన్ని. ఒక్కొక్కరే పోయి దాని మీద వేశారు. ముళ్లకు తగులుకొని గాలికి కూడా కదలలేదు ఆ గుడ్డలు.

నా కూతురు దూరంగా నిలబడి చూస్తోంది. నేను పోయి పక్కన నిలబడ్డాను. కొమ్మ కొమ్మకూ తెల్లగా వేలాడుతున్న ఆ కండువాల కొసల నుంచి నీళ్లు చుక్కా చుక్కా చెట్టు మొదట్లో పడుతున్నాయి, అవి అందుకునేది అక్కడ ఏదీ లేదు.